వెన్నెల వన్నె: ‘మాయాబజార్’ రెండు ప్రతుల పరిశీలనము

గత విద్యాసంవత్సరమున నా పరిశీలనకు వచ్చిన యొక సిద్ధాంతవ్యాసమున ఒక వాక్యము నన్ను చాలసేపు నిలిపివేసినది. ‘మాయాబజార్’ చిత్రమందలి శృంగారరసపోషణమును గూర్చి వ్రాయుచు ఆ పరిశోధకుడు శశిరేఖ కట్టిన చీర రంగును పేర్కొని, దర్శకులు కె.వి. రెడ్డిగారు ఆ రంగును ఎన్నుకొనుటలోనే నాయిక హృదయమును సూచించిరని నిర్ణయించెను. వాక్యము చక్కగా నున్నది, ఊహయు సరసమైనదే. చిక్కు ఒక్కటే. 1957 మార్చి 27వ తేదీన విడుదలయైన ఆ చిత్రమున రంగు లేదు. మా పరిశోధకుడు చూచినది 2010 జనవరి 30వ తేదీన విడుదలయైన రంగుల ప్రతి. ఆ చీరకు రంగు నిర్ణయించునాటికి, 1972లో గతించిన కె.వి. రెడ్డిగారు లేరు. శశిరేఖ పాత్రధారిణి సావిత్రి 1981లోను, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ 1993లోను గతించిరి. చీర రంగునకు బాధ్యులని చెప్పదగినవారిలో ఒక్కరును ఆ యెన్నికలో పాల్గొనలేదు.

ఆ యువకుని నిందించుట నా యుద్దేశము కాదు. అతని తరమువారికి మొదట చేతికందునది రంగుల ప్రతియే. పైగా అతని ఊహ వెనుక సత్యమైన సూత్రమొకటి కలదు: కథ చెప్పు కళలో రంగు అలంకారము మాత్రము కాదు, అది కథలో భాగము, చూపరి మనఃస్థితిని అది మాటకంటె ముందుగా తీర్చిదిద్దును. అయితే ఆ సూత్రమునకు ఒక నియమము కలదని నేననుకొందును. ఎఱుపును ఉంచినవాడు పసుపును ఉంచగలిగియు ఉంచకపోయినప్పుడే ఎఱుపు మాటాడును. ఎన్నిక లేనిచోట వర్ణముండవచ్చునుగాని వర్ణన ఉండదు. ఈ చిత్రము రెండు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి, ముఖ్యముగా అందలి వెన్నెల ఘట్టమును పట్టుకొని, ఈ విషయమును విచారింపదలచితిని.

మొదట శాస్త్రము. సంస్కృతమున ‘రంగ’ శబ్దమునకు వర్ణమనియు, నాట్యస్థానమనియు రెండర్థములు కలవు. మన ‘రంగు’ను, ‘రంగస్థలము’ను ఆ యింటి బిడ్డలే. భరతుడు నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున ఒక్కొక్క రసమునకు ఒక్కొక్క వర్ణమును నిర్దేశించెను. శృంగారము శ్యామము, హాస్యము తెలుపు, కరుణము కపోతవర్ణము, అనగా పావురపు బూడిదవన్నె, రౌద్రము ఎఱుపు, వీరము గౌరము, భయానకము నలుపు, బీభత్సము నీలము, అద్భుతము పసుపు. ఆహార్యాభినయమును చెప్పుచోట తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు అను నాల్గింటిని మూలవర్ణములుగా గ్రహించి, వాని కలయికచేత తక్కిన వన్నెలెట్లు పుట్టునో వివరించెను. తెలుపును నీలమును కలిసిన కపోతవర్ణము. పసుపును నీలమును కలిసిన ఆకుపచ్చ. ఎఱుపును పసుపును కలిసిన గౌరము. ఇది నటుని దేహమునకు పూత పూయువారికి చెప్పిన మాట. శాస్త్రకారుడు రంగును తత్త్వముగా మాత్రమే కాక పనిముట్టుగా కూడ ఎఱిగినవాడు.

ఇవి సంకేతములేగాని కంటికిని మనసునకును గల నిత్యసంబంధమును నిరూపించునవి కావని కొందఱందురు. కావచ్చును. కాని ఈ పట్టికను నలుపుతెలుపుల చలనచిత్రము ప్రక్కన నుంచి చూచిన ఒక వింత కనబడును. ఎనిమిది రసములలో నాల్గింటి వన్నెలు, అనగా తెలుపు, నలుపు, శ్యామము, బూడిదవన్నె, ఆ చిత్రమునకు పుట్టుకతో దక్కినవే. హాస్యమునకును, భయానకమునకును, శృంగారమునకును, కరుణమునకును అది పరుల సొత్తును అడుగనక్కఱలేదు. తక్కిన నాల్గింటి వన్నెలు దానికి అందవు. వానిని అభినయముచేతనో, సంగీతముచేతనో, వెలుగుచేతనో సాధింపవలెను.

‘మాయాబజార్’ శృంగారహాస్యాద్భుతముల కూడలి. మొదటి రెండును ఆ చిత్రమునకు సహజముగా దక్కినవి. మూడవదగు అద్భుతమునకు వలసిన పసుపు లేదు. పసుపు లేనిచోట బార్ట్లీ మెఱుపును వాడెను. ప్రియదర్శిని పేటికను తలచుకొనుడు. ఎవరు చూచిన వారికి తమకు ప్రియమైనది కనబడు పేటిక యది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు కనబడుదురు. జగన్నాటకసూత్రధారియగు కృష్ణునకు శకుని కనబడును. పింగళి నాగేంద్రరావుగారి చమత్కారమంతయు ఆ కడపటి రూపములో నున్నది. అక్కడ ఆశ్చర్యమును పుట్టించునది బంగారపు రంగు కాదు. మూత తెఱచినంతనే చూచువారి ముఖముపై మాఱు వెలుగు. పేటికలోని వింతను మనము మొదట చూచువారి కన్నులలో చూతుము.

నలుపుతెలుపుల చిత్రమనగా రంగుల యెన్నిక లేని చిత్రమని తలచుట కూడ పొరపాటే. ఆ సెట్టులకు రంగులు పూసిరి. ఆ వస్త్రములకు అద్దకమున్నది. కాని వానిని ఎన్నుకొనునప్పుడు చూచినది ఫిల్ముపై అవి యే బూడిదవన్నెగా మాఱునో ఆ సంగతి. ఎఱుపును ఆకుపచ్చయు కంటికి బద్ధవిరోధులు. ఫిల్ముపై రెండును ఒకే మసకగా దిగవచ్చును. అప్పుడు నాయిక చీర వెనుక తెరలో కలిసిపోయి, ముఖమొక్కటే గాలిలో తేలుచున్నట్లు కనబడును. మూకీల కాలమున వాడిన ఒకరకపు ఫిల్ము ఎఱుపును గ్రహింపనే లేదు. ఎఱ్ఱని పెదవులు నల్లగా కనబడుచుండెడివి. 1920ల చివరకు అన్ని వర్ణములను గ్రహించు ఫిల్ము వ్యాప్తిలోనికి వచ్చిన పిమ్మట ఆ చిక్కు తగ్గినదిగాని లెక్క మిగిలియే యున్నది. ‘మాయాబజార్’ కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ గారలు చిత్రకారులు. వర్ణములను చూచుచు వానిని వర్ణరహితముగా ఊహింపగల రెండవ కన్ను వారికి అలవడియుండవలెను. కనుక శశిరేఖ చీరకు నాడును రంగున్నది. ఆ రంగు కార్ఖానాలోనిది, కథలోనిది కాదు. కథలో ప్రవేశించినది దాని ఛాయ మాత్రమే.

ఇక వెన్నెల. ‘లాహిరి లాహిరి’ పాటను ఎఱుగని తెలుగువారు అరుదు. అభిమన్యు శశిరేఖలు రాత్రివేళ నావలో విహరింతురు. పిమ్మట కృష్ణరుక్మిణులును ఆ విహారములో కలియుదురు. కథాదృష్టితో చూచిన ఇది రహస్యఘట్టము. పెద్దలకు తెలియరాని ప్రణయమది. తెలిసిన పెద్ద యొకడే, అతడును కృష్ణుడు. కాబట్టి ఈ ఘట్టమున వెలుగు రెండు పనులు చేయవలెను: ప్రేమికులను లోకమునకు కనబడకుండ దాచవలెను, మనకు మాత్రము చూపవలెను. పగటివెలుగు దాచలేదు, చీకటి చూపలేదు. వెన్నెలయే ఆ రెండును చేయగలది. బార్ట్లీ కల్పించిన వెన్నెలలో ఒడ్డున చెట్లు నల్లని గోడవలె నిలుచును; నీరు చిన్నచిన్న వెండి తునుకలుగా చిట్లును; సావిత్రి చెక్కిలిపై నిలిచిన తెలుపునకును నీటిపై కదలు తెలుపునకును భేదముండదు. మనుష్యులు, నీరు, ఆకాశము ఒకే పదార్థముతో చేయబడినట్లుండును. ప్రణయమున ఐక్యభావమని ఆలంకారికులు పుటలకొలది చెప్పినది అక్కడ మూడు నిముషములలో కంటికి కట్టును. నిజమునకు అక్కడ వెన్నెల లేదు. అంతయు దీపముల నేర్పు, కాచము నేర్పు. ఆ సంగతి ఎఱిగి చూచినను మాయ చెడదు. చిత్రము పేరే మాయాబజార్.

2010 నాటి ప్రతిని సిద్ధపఱచినది హైదరాబాదునందలి గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ. పాత ప్రతిని సంఖ్యారూపమునకు మార్చి, గీతలను మచ్చలను తుడిచి, ధ్వనిని నేటి థియేటర్లకు తగినట్లు సంస్కరించి, ప్రతి చట్రములోని ప్రతి వస్తువునకును రంగు నిర్దేశించిరి. పద్యములును పాటలును కొన్ని ఆ ప్రతిలో విడువబడినవి. పని సామాన్యమైనది కాదు. ఎందఱో నిపుణులు నెలలతరబడి శ్రమించిరి. అందువలన ఒక క్రొత్త తరము ఆ చిత్రమును థియేటరులో చూచినది. ఇంత మేలు చేసినవారిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు. నేను చూపదలచినది పద్ధతిలోనే యున్న యొక పరిమితిని. రంగు వేయువాడు పాత వెలుగును మార్చడు, దానిపై వన్నెను పఱచును. క్రింద బూడిదవన్నె ఎంత మసకగా నున్నదో పైరంగును అంతే మసకగా నుండవలెను. అనగా 1957 నాటి ఛాయ ఇంకను యజమానిగానే యున్నది. 2010 నాటి రంగు ఆ యింట అద్దెకున్నది. పగటిఘట్టములలో ఇద్దఱికిని పొత్తు కుదిరినది. వెన్నెలలో కుదరలేదు.

ఈ మాట నేను పుస్తకములలో చదివి చెప్పుట లేదు. నేను నివసించునది హైదరాబాదునకు ఉత్తరమున శామీర్‌పేట దారిలోనున్న తూంకుంట. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. ఆ తోటలు పోయినవి. వాని స్థానమున మేడలు, వానిముందు రాజీవ్ రహదారి, దానిపై తెల్లవార్లు వెలుగు దీపములు. మొన్నటి వేసవిలో ఒక పున్నమినాడు మా మేడమీద తెల్లని దుప్పటి కట్టి, కొందఱు విద్యార్థులకు ఆ పాటను రెండు ప్రతులలోను చూపితిని. మొదట రంగులది, తరువాత నలుపుతెలుపులది. మా వీధిలోని వృద్ధుడొకడు కూడ వచ్చి కూర్చుండెను. యౌవనమున ద్రాక్షతోటలకు రాత్రికావలి కాచినవాడు. సినిమాను గూర్చి ఆయనకు సిద్ధాంతములేవియు లేవు.

రంగుల ప్రతిలో ఆ రాత్రియంతయు నీలిచాయ క్రమ్మియున్నది. ముఖములకు మాత్రము మేనిరంగు వేసిరి. విద్యార్థులు బాగున్నదనిరి. రెండవ ప్రతి ముగిసిన పిమ్మట కొంతసేపు ఎవరును మాటాడలేదు. ఒక విద్యార్థిని మాత్రము మొదటిదే మేలనెను. అందులో మనుష్యులు మనుష్యులవలె నున్నారనియు, రెండవదానిలో బొమ్మలవలె నున్నారనియు ఆమె వాదము. ఆ వాదమును నేను త్రోసివేయలేదు. దానికి సమాధానము ముందు చెప్పెదను. అప్పుడు వృద్ధుడు నావంక తిరిగి, “సారూ, ఎన్నెల గిట్ల నీలంగ ఎప్పుడుంటది? పిండారబోసినట్టు తెల్లగుంటది గద!” అనెను. మొదటి దానిలో వెన్నెల లేదా తాతా యని నేనడుగగా, “అండ్ల రాత్రున్నది. ఎన్నెల గీండ్లనే ఉన్నది” అని తెల్లని దుప్పటివంక చూపెను.

విద్యార్థులు నవ్విరి. తరువాత వారిలో నొకడు లేచి పిట్టగోడ కడకు పోయి, మేడమీద వెన్నెల ఎక్కడ పడుచున్నదో చూడబోయెను. నిండుచంద్రుడు నడినెత్తిన నున్నాడు. కాని రహదారి దీపముల తెలుపులో ఏది చంద్రునిదో ఏది దీపముదో తెలియరాలేదు. ఆ పిల్లవానికి వెన్నెల యనగా సినిమా చూపిన వన్నెయే. అది నీలమని అతడు నమ్ముటలో తప్పేమున్నది?

ఈ నీలమెక్కడిది? మూకీచిత్రముల కాలమున పాశ్చాత్యులు ఫిల్మునకు అద్దకము వేయుచుండిరి. దీపపువెలుగునకు కాషాయము వంటి పసుపు, అగ్నిప్రమాదమునకు ఎఱుపు, రాత్రికి నీలము. పగలు తీసిన దృశ్యమును నీలములో ముంచిన రాత్రియని చూపరి గ్రహించువాడు. తరువాత రంగులు వచ్చినను ఆ సంకేతము పోలేదు. పగలు తీసి రాత్రిగా చూపు పద్ధతికి అది తోడ్పడినది. నేడు దేశదేశముల చిత్రములలో రాత్రి నీలమే. దీనికి కొంత ప్రకృతి యాధారమును కలదు. వెలుగు సన్నగిలినకొలది కంటికి ఎఱుపు త్వరగా నల్లబడి నీలము నిలిచియుండునని పందొమ్మిదవ శతాబ్దమున చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే గమనించెను. సంధ్యవేళ తోటలో ఎఱ్ఱని మందారము నల్లబడుటను మనమును చూతుము. కాని ఇంకను చీకటిపడి, చంద్రకాంతి మాత్రమే మిగిలినప్పుడు, మన కన్ను వర్ణములను దాదాపు గుర్తింపలేదు. వెన్నెలలో మనమందఱమును వర్ణాంధులమే. కావలివానికి ద్రాక్షగుత్తి నల్లన, ఆకు బూడిద, దారి తెలుపు. అనగా ప్రకృతి స్వయముగా నలుపుతెలుపులలో తీయు చిత్రమొకటి కలదు. అది పున్నమి రాత్రి. విద్యార్థిని చెప్పినట్లు మనుష్యులు అందులో బొమ్మలవలెనే యుందురు. నిజమైన వెన్నెలలోను అంతే. ఆ బొమ్మతనమునకే ప్రేమికులు వెన్నెలను కోరుదురు.

మన కవిసమయమును ఇదే చెప్పుచున్నది. కీర్తి తెల్లనిది, నవ్వు తెల్లనిది, వెన్నెల తెల్లనిది. పాలు, కర్పూరము, చందనము, ముత్యములు, విఱిసిన మల్లెలు దానికి ఉపమానములు. చకోరము వెన్నెలను త్రాగునన్నప్పుడు కవి మనసులో నున్నది పాలవంటి ద్రవము. పండితుని కావ్యములోని తెలుపును, తూంకుంట కావలివాని పిండియు ఒకటే యగుట నాకు చాల సంతోషము కలిగించినది. వేయేండ్ల కవిత్వమును, ఒక మనిషి నిద్రలేని రాత్రులును ఒకే సాక్ష్యము చెప్పుచున్నవి. బార్ట్లీ ఆంగ్లో ఇండియను. తెలుగు కావ్యములు చదివినవాడని నేనను కాని, ఆయన కల్పించిన వెన్నెల మన కవిసమయమునకు వెండ్రుకవాసి తప్పలేదు. రంగు వేసినవారు తెలుగువారై యుండియు నీలమును ఎన్నుకొనిరి. అది వారి యెన్నిక కూడ కాదు. లోకమంతటి సినిమాల అలవాటు వారిచేత ఎన్నుకొనజేసినది.

నీలమను మాటయే మనలను మోసపుచ్చుచున్నదేమో. మన భాషలో నీలము కేవలము ఆకాశపు రంగు కాదు. నీలిమేఘము, నీలికురులు అన్నప్పుడు అది నలుపునకు చుట్టము. కృష్ణుని శ్యాముడన్నను, నీలమేఘచ్ఛాయుడన్నను, నల్లనయ్య యన్నను తెలుగువాని మనసులో ఒకే మూర్తి నిలుచును. రంగుల పౌరాణికములు వచ్చిన తరువాత రామకృష్ణుల దేహములకు నీలిపూత తప్పనిసరియైనది; మాటలోని మూడర్థములలో నొకటి మిగిలి రెండు పోయినవి. 1957 నాటి ‘మాయాబజార్’లో నందమూరి తారకరామారావుగారి కృష్ణుడు నీలమో నలుపో చిత్రము చెప్పదు. మన మనసు చెప్పును. పద్యము చదువునప్పుడు మనము పని చేసినట్లే ఆ చిత్రము చూచునప్పుడును చేయుదుము. (పచ్చ యను మాటయు ఇట్టిదే. పసుపుపచ్చకును ఆకుపచ్చకును మధ్య తెలుగు గీసిన గీత మిక్కిలి పలుచనిది. దీనిపై ప్రత్యేకముగా వ్రాయవలసియున్నది.)

పక్షపాతము లేకుండ చెప్పవలెనన్న, రంగుల ప్రతి కొన్నిచోట్ల లాభించినది. ఘటోత్కచుని భోజనఘట్టము, మాయానగర నిర్మాణము, పెండ్లివారి సందడి, వీనిలో అద్భుతమునకు కొఱతపడిన పసుపు వచ్చి చేరినది. ఎస్.వి. రంగారావుగారి ముందున్న లడ్డూలకు రంగు వచ్చుటచేత పిల్లల నోరూరినది. మా మేడమీదనే చూచితిని. అది బజారు కనుక వన్నెచిన్నెలు దానికి తగును. కాని మాయాశశిరేఖ విషయమును చూడుడు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చినప్పుడు సావిత్రి ఒకే ముఖముతో ఇద్దఱుగా నటింపవలెను. నడకలోని ఒక ఊపు, చేతి విసురు, కనుబొమ చివర మగతనము: ఇంతమాత్రమే భేదము. చిత్రమును మొదటనే రంగులలో తీసియుండినచో, మాయాశశిరేఖకు వేఱొక వన్నె చీర కట్టింపవలెనను ఆశ దర్శకునకు తప్పక కలిగియుండెడిది. ఆ సులభోపాయము లేకపోవుటయే సావిత్రికి మేలైనది. మన చలనచిత్రచరిత్రలో రంగు ఆలస్యముగా వచ్చుటచేత నటనకు కలిగిన లాభమును ఎవరును లెక్కింపలేదు. తెలుగున పూర్తి నిడివి రంగుల చిత్రము 1963లో వెలువడిన ‘లవకుశ’తో మొదలైనది, అంతవరకు ముప్పదియొక్క యేండ్లు మన నటులు రంగు సాయము లేక నెగ్గుకొనివచ్చిరి.

ఎన్నిక యనగా ఏమో తెలియుటకు, పుట్టుకతోనే రంగుల చిత్రములైనవానిని చూడవలెను. బార్ట్లీయే 1965లో మలయాళమున ‘చెమ్మీన్’ను రంగులలో చిత్రించెను, అక్కడ ఆ రంగులకు ఆయన బాధ్యుడు. తెలుగున 1975లో బాపుగారి ‘ముత్యాలముగ్గు’కు ఇషాన్ ఆర్య జాతీయపురస్కారమును పొందెను. అందులో కాంట్రాక్టరు ఉదయసూర్యుని ఎఱుపును చూచి ఆకాశమున హత్య జరిగినట్లున్నదని ముచ్చటపడును. ముళ్ళపూడి వెంకటరమణగారి ఆ మాటతో ఒక రంగు రెండు కథలైనది. మనకది సూర్యోదయము, వానికది నెత్తురు. దృశ్యమున రంగు మాఱలేదు, చూచువాని హృదయము బయటపడినది. తరువాత ఆ చిత్రమున ఎఱుపు ఎక్కడ కనబడినను మనము జంకుదుము. రంగు కథ చెప్పుటయనగా ఇది.

మా యూరి ముందునుండి పోవు రహదారినే ఇంకను ఉత్తరముగా సాగిన గజ్వేల్ దగ్గఱ ప్రజ్ఞాపూరు వచ్చును. అది బి. నర్సింగరావుగారి జన్మస్థలము. ఆయన చిత్రకారుడు కూడ; 1983లో తీసిన ‘రంగుల కల’ చిత్రకారుని కథయే. 1988లో తీసిన ‘దాసి’కి కళాదర్శకుడు తోట వైకుంఠం. వైకుంఠంగారి చిత్రములను చూచినవారికి ఆయన తెలంగాణ స్త్రీలు తెలియుదురు: నల్లని మేను, నిండు కుంకుమబొట్టు, మండు ఎఱుపు చీర, పసుపు, చిలుకపచ్చ. అట్టి చేయి ఒక దొర గడిలో దాసిగా బ్రదుకు స్త్రీ కథకు పనిచేసినప్పుడు ఏమి ఊహింతుము? పండుగను ఊహింతుము. జరిగినది దానికి విరుద్ధము. 1920ల నాటి తెలంగాణపు గడి యది. గోడలు, గడపలు, పాత్రలు, నేతబట్టలు, మట్టి. ఎ.కె. బీర్ ఛాయాగ్రహణమున లోగిలి మసకలోనుండి అర్చన ముఖము వెలుగులోనికి వచ్చి మరల మసకలోనికి పోవును. మాటలు తక్కువ, పాటల కోలాహలము లేదు. దొరవలన గర్భవతియైన కమలాక్షికి ఆ గర్భమును నిలుపుకొను హక్కు కూడ లేదు.

ఛాయాగ్రహణమునకును, కళాదర్శకత్వమునకును, వేషభూషలకును, నటికిని ఆ చిత్రమునకు జాతీయపురస్కారములు వచ్చినవి. ఈ నాలుగు పనులును నాలుగు వేర్వేఱు నేర్పులు కావు, ఒకే నిర్ణయమునకు నాలుగు చేతులు. ఆ నిర్ణయము ఇది: ఈ స్త్రీకి తనదను వస్తువేదియు లేదు, కాబట్టి తనదను రంగును ఉండరాదు. పెట్టెనిండ రంగులున్న చిత్రకారుడు వానిని మూసియుంచెను. రంగుల ఫిల్ముపై తీసిన ‘దాసి’ కపోతవర్ణమునకు, అనగా భరతుడు కరుణమునకు చెప్పిన బూడిదవన్నెకు, చేరువగా పోయినది. దీనికి నేడెవరైన యంత్రసాయమున ప్రకాశమును పెంచి, చీరలకు మెఱుగు పెట్టి, మరల విడుదల చేసినచో కథ మాఱునా మాఱదా? మాఱునని ఒప్పుకొన్నవారు ‘లాహిరి లాహిరి’ నీలమును గూర్చి కూడ అదే ఒప్పుకొనవలెను. ఒక చోట రంగును తీసివేయుట తప్పైన, ఇంకొకచోట రంగును చేర్చుట కేవలము అందమెట్లగును?

మన విశ్వవిద్యాలయములలో చలనచిత్రము సాహిత్యపరిశోధనకు విషయమై చాలకాలమైనది. తాళపత్రమునకు పాఠాంతరములు చూపుటలో మనము నిష్ఠ గలవారము. ఒక ద్రుతము ఎక్కువైన అధస్సూచిక వ్రాయుదుము. చిత్రమునకు వచ్చుసరికి ఏ ప్రతిని చూచితిమో చెప్పము. ‘మాయాబజార్, 1957’ అని వ్రాసి 2010 నాటి ప్రతిని వివరించుట, వ్యాఖ్యాతృని మాటను మూలకర్తకు అంటగట్టుట వంటిది. పరిశోధనగ్రంథములలో చిత్రము పేరుతోపాటు ప్రతిని, దాని సంవత్సరమును, నిడివిని, విడువబడిన పాటలను పద్యములను పేర్కొనుట నియమము కావలెనని నేను మా శాఖాసమావేశమున ప్రతిపాదించితిని. చర్చ జరిగినది. గ్రంథాలయమున నలుపుతెలుపుల ప్రతి యుండవలెనన్న మాటకు మాత్రము వెంటనే అందఱును సమ్మతించిరి.

సిద్ధాంతవ్యాసము సంగతి. చీరను గూర్చిన వాక్యమును కొట్టివేయుమని నేను చెప్పలేదు. దానిపై ‘ఏ ప్రతి?’ అని మాత్రము వ్రాసి పంపితిని. పరిశోధకుడు మూడు వారములకు ఆ యధ్యాయమును మరల వ్రాసి తెచ్చెను. చీర అధస్సూచికలోనికి దిగినది, ప్రక్కన 2010 అని యున్నది. దాని స్థానమున ‘లాహిరి లాహిరి’ పాటలో వెలుగు ఎటనుండి పడుచున్నదను విచారము రెండు పుటలు పెరిగినది. అందులో ఒకచోట, నావలోని వెన్నెలకును ప్రియదర్శిని పేటిక వెలుగునకును పోలిక కలదని, రెండును మనుష్యులు దాచుకొన్నదానిని చూపుచున్నవని వ్రాసెను. ఆ పోలిక నాకు తోచలేదు.